నూట పాతిక బగ్గీల ఆసామి

1787 ఆగస్టు 20. ఫిలడెల్ఫియాలో అమెరికా రాజ్యాంగం రాస్తున్న పెద్దమనుషుల మధ్య నుంచి రూఫస్ కింగ్ అనే మసాచుసెట్స్ ప్రతినిధి ఒక చిన్న సందేహం అడిగాడు. ‘ప్రత్యక్ష పన్ను’ అని రాసుకుంటున్నాం కదా, దానికి కచ్చితమైన అర్థం ఏమిటి? సభలో జరిగినదంతా ఓపిగ్గా రాసిపెట్టిన జేమ్స్ మాడిసన్ ఈ ప్రశ్ననూ రాసుకున్నాడు. ఎవరూ జవాబు చెప్పలేదని ఆ వెంటనే రాసుకున్నాడు. తెలియక ఊరుకున్నారో, తలా ఒక అర్థం చెబితే భోజనాల వేళ దాటిపోతుందని ఊరుకున్నారో గానీ, ఆ మాట అలాగే వెళ్లి రాజ్యాంగంలో కూర్చుంది.

ఇప్పుడు వాషింగ్టన్‌లో మహా మర్యాదగా చలామణీ అవుతున్న సిద్ధాంతం ఒకటుంది. పేరు ఒరిజినలిజం. రాజ్యాంగం రాసిననాడు ఒక మాటకు జనం ఏ అర్థం చెప్పుకున్నారో ఈనాటికీ అదే అర్థం. దాన్ని తవ్వి తీయడమే న్యాయమూర్తి పని. సొంత అభిప్రాయాలు ఇంటి దగ్గర వదిలి రావాలి. వినడానికి ఎంత వినయంగా ఉందో! రాసినవాళ్లే నోరు మెదపని మాటకు రెండు శతాబ్దాల తర్వాత తొమ్మిది మంది నల్లకోట్ల వాళ్లు అసలు అర్థం పట్టుకొచ్చేస్తారన్నమాట. పైగా తవ్వకం ఎక్కడ మొదలుపెట్టినా ఆ అర్థం చాలాసార్లు ఏదో పెద్ద ఎస్టేటు కాంపౌండు లోపలే దొరుకుతుంటుంది.

ఈ ప్రత్యక్ష పన్ను వెనుక ఉన్న కథ వింటే, దాన్ని పట్టుకుని పూజలు చేసేవాళ్ల మీద కాస్త జాలి కూడా కలుగుతుంది. దక్షిణాది రాష్ట్రాలు తమ బానిసలను కూడా జనాభా కింద లెక్కపెట్టమన్నాయి, ఎక్కువ సీట్లు వస్తాయని. ఉత్తరాది ఒప్పుకోలేదు. చివరికి ఒక బానిస అయిదింట మూడు వంతుల మనిషి అని బేరం కుదిరింది. ఆ బేరాన్ని మింగించడానికి గవర్నర్ మోరిస్ (గవర్నర్ అన్నది పదవి కాదు, పేరే) ఒక చిట్కా వేశాడు: సీట్లు ఏ లెక్కన వస్తాయో ప్రత్యక్ష పన్నులూ అదే లెక్కన రాష్ట్రాలకు పంచుదాం. కొన్నాళ్లకు ఆయనే, అదంతా గండం దాటడానికి వేసిన వంతెన మాత్రమే, దాటేశాం కనుక ఇక పీకేయవచ్చు అన్నాడు. ఎవరూ పీకలేదు. కట్టినవాడే వద్దన్న ఆ వంతెన మీద ఈనాటి లాయర్లు టోల్‌గేటు పెట్టి వసూలు చేసుకుంటున్నారు.

జనాభా ప్రకారం పన్ను పంచడమంటే ఏమిటో తెలిసింది 1794లో. ఆ ఏడు కాంగ్రెసు బగ్గీల మీద పన్ను వేసింది. గుర్రాలు పూన్చిన సొంత బగ్గీలో తిరిగేవాడు ఆ రోజుల్లో కలిగినవాడే కనుక అది కలిగినవాళ్ల పన్ను. రాజ్యాంగ నిర్మాతగా పేరుపడ్డ మాడిసన్ అది రాజ్యాంగ విరుద్ధమన్నాడు. ఆ రాజ్యాంగాన్ని సమర్థిస్తూ ఆయనతో కలిసి వ్యాసాలు రాసిన అలెగ్జాండర్ హామిల్టన్ భేషుగ్గా చెల్లుతుందన్నాడు. రాజ్యాంగం అమల్లోకి వచ్చి అయిదేళ్లే అయింది. రాసినవాళ్లు బతికే ఉన్నారు. ఒకే పుస్తకానికి ఇద్దరు సహ రచయితలు. అసలు అర్థం మాత్రం అప్పుడే రెండుగా చీలిపోయింది.

వివాదం కోర్టుకెక్కాలి. ఎక్కించడానికి ఓ ఆసామి కావాలి. వర్జీనియాలోని రిచ్‌మండ్‌లో డేనియల్ హిల్టన్ అనే పెద్దమనిషి దొరికాడు. ఆయన దగ్గరున్న బగ్గీకి పన్ను 8 డాలర్లు, జరిమానా మరో 8, వెరసి 16. అంత చిన్న మొత్తానికి సుప్రీంకోర్టు దాకా వెళ్లే వీలు లేదు; కనీసం 2,000 డాలర్ల వివాదం ఉండాలి. అప్పుడు ఇరుపక్షాలూ కూడబలుక్కుని కాగితం మీద రాసిచ్చాయి: హిల్టన్ గారికి సరిగ్గా 125 బగ్గీలున్నాయి, అంతకన్నా ఒక్కటి కూడా లేదు, అవన్నీ ఆయన సొంత వాడకానికే, ఒక్కటీ అద్దెకు తిప్పడం లేదు. పదహార్లు నూట పాతిక, రెండు వేలు. లెక్క సరిపోయింది. ఒక్కడు ఎక్కి తిరగడానికి నూట పాతిక బగ్గీలు! ఓడిపోతే పదహారు డాలర్లు కడితే చాలని కూడా ముందే ఒప్పందం. రెండు పక్షాల లాయర్ల ఫీజులూ ప్రభుత్వమే భరించింది. పన్నుల న్యాయం మీద అమెరికా సుప్రీంకోర్టు చెప్పిన మొదటి పాఠం ఇలా సర్కారు ఖర్చుతో వేసిన నాటకంలో పుట్టింది.

1796లో తీర్పు ప్రభుత్వం వైపే వచ్చింది. జనాభా పంపకం బగ్గీలకు ఎంత అడ్డగోలుగా ఉంటుందో న్యాయమూర్తి చేజ్ లెక్క వేసి చూపించాడు. సమాన జనాభా ఉన్న రెండు రాష్ట్రాలు. ఒకదాంట్లో వెయ్యి బగ్గీలు, ఇంకోదాంట్లో నూరు. రెండూ సమానంగా కట్టాలంటే ఇక్కడి బగ్గీకి 8 డాలర్లయితే అక్కడి బగ్గీకి 80. ఇంత అసంబద్ధమైన పద్ధతి తలసరి పన్నుకూ భూమి పన్నుకూ తప్ప మరి దేనికీ వర్తించేలా లేదని న్యాయమూర్తులు అభిప్రాయపడ్డారు. వాళ్లలో పాటర్సన్ ఫిలడెల్ఫియా సభలో కూర్చున్నవాడే. అసలు అర్థం కావాలనేవాళ్లకు ఇంతకన్నా దగ్గరి సాక్షి దొరకడు.

ఆ మాట నూరేళ్లు నిలబడింది. 1881లో కోర్టు మళ్లీ అదే చెప్పి అంతర్యుద్ధ కాలపు ఆదాయ పన్నును సమర్థించింది. తర్వాత 1894లో కాంగ్రెసు, ఏడాదికి 4,000 డాలర్ల పైన సంపాదించేవాళ్ల మీద 2 శాతం పన్ను వేసింది. నూటికి రెండు! న్యూయార్క్‌లో ప్రళయం వచ్చినంత పనయింది. మళ్లీ ఆసామి కోసం వెతుకులాట. ఈసారి చార్లెస్ పొలాక్ అనే ఆయన దొరికాడు. ఒక ట్రస్టు కంపెనీలో ఆయనకు పది షేర్లున్నాయి. మా కంపెనీ పన్ను కట్టేట్టుంది, కట్టనివ్వకండి అని తన కంపెనీ మీదే దావా వేశాడు. ఓడిపోవాలని కంపెనీకి ఎంత ఆరాటమో వేరే చెప్పాలా? జోసెఫ్ చోట్ అనే పేరుమోసిన లాయరు ఈ 2 శాతాన్ని కమ్యూనిజమని, సోషలిజమని కోర్టులో ఉరిమాడు. ఇప్పటి టీవీ చర్చల్లో వినిపించే ఆ రెండు మాటలకు వయసు నూట ముప్పయ్యేళ్లన్నమాట.

మొదటి విడత ముఖ్యమైన అంశాల మీద నాలుగు నాలుగుగా తేలింది. తొమ్మిదో న్యాయమూర్తి హోవెల్ జాక్సన్ క్షయతో మంచంలో ఉన్నాడు. మళ్లీ వాదనలు పెడితే ఆయన టెన్నెసీ నుంచి రైల్లో దగ్గుకుంటూ వచ్చి పన్ను చెల్లుతుందని ఓటేశాడు. నాలుగూ ఒకటీ అయిదు కావాలి కదా. కాలేదు! ఆయన వచ్చి చేరాక పన్ను 5-4తో ఓడిపోయింది. మధ్యలో ఎవరో ఒకరు ఇటునుంచి అటు దూకారు. ఎవరన్నది చరిత్రకారులు ఈనాటికీ తేల్చలేదు. జాక్సన్ ఆ ఆగస్టులోనే కన్నుమూశాడు. రాజ్యాంగం మారలేదు, అక్షరం కదలలేదు, కాని నూరేళ్లనాటి అర్థం 1895 మే 20 మధ్యాహ్నానికల్లా తిరగబడింది. దాన్ని సరిదిద్దడానికి దేశం 1913లో ఏకంగా రాజ్యాంగాన్నే సవరించాల్సి వచ్చింది. ఆ పదహారో సవరణ, ఆదాయం ఏ మూలం నుంచి వచ్చినా సరే జనాభా పంపకం గొడవ లేకుండా పన్ను వేయవచ్చంది. అంతటితో అయిపోవాలి. కాని లాయర్లున్న దేశంలో ఏదైనా అంత తొందరగా అయిపోతుందా? ఈసారి ‘ఆదాయం’ అంటే ఏమిటన్న ప్రశ్న మొదలైంది.

పొలాక్ కథలో అసలు పాఠం ఒక్కటే: గ్రంథంలో ఏముందన్నదానికన్నా కుర్చీలో ఎవరున్నారన్నదే ముఖ్యం. ఈ సంగతి అమెరికాలో రెండు పార్టీలకూ బాగా తెలుసు. అందుకే కుర్చీ ఖాళీ అయినప్పుడల్లా ఊరంతా గగ్గోలవుతుంది. కాని ఆ కుర్చీలో కూర్చోబోయే మనిషిని బహిరంగంగా ప్రశ్నించేచోట మాత్రం, కుర్చీకీ తీర్పుకూ సంబంధమే లేనట్టు అందరూ నటించాలి. అదే సెనేట్ న్యాయ కమిటీ విచారణ.

2005లో జాన్ రాబర్ట్స్ ఆ గదిలో కూర్చుని, న్యాయమూర్తులు అంపైర్ల లాంటివాళ్లని చెప్పారు. నియమాలు అంపైరు చేయడు, ఉన్నవాటిని అమలు చేస్తాడంతే. అంపైర్ని చూడ్డానికి ఎవరూ ఆటకు వెళ్లరు. తన పని బంతి విసరడమో బ్యాటు ఊపడమో కాదు. సెనేటర్లు మురిసిపోయారు. 78-22తో రాబర్ట్స్ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆయన చెప్పింది బేస్‌బాల్ అంపైరు గురించి. క్రికెట్ చూసే తెలుగువాడికైతే, అంపైరు అంత అమాయకుడైతే డీఆర్‌ఎస్ ఎందుకు కనిపెట్టారన్న అనుమానం వచ్చి తీరుతుంది.

ఈ అంపైరే ఏడేళ్లకు ఒబామా ఆరోగ్య బీమా చట్టం మీద తీర్పు రాశారు. బీమా తీసుకోనివాళ్ల మీద చట్టం ఒక వడ్డింపు వేసింది. అది పన్ను కానే కాదని 2009లో ఒబామా టీవీలో వాదించారు. 2012 మార్చిలో ప్రభుత్వ లాయరు సోమవారం కోర్టుకొచ్చి, ఇది పన్ను కాదు కనుక కేసు ఇప్పుడే వినవచ్చన్నారు. రేపు వచ్చి ఇది పన్నే అని వాదిస్తారు కదా అని జస్టిస్ అలిటో అక్కడే చురక వేశారు. మంగళవారం ఆ లాయరు నిజంగానే వచ్చి ఆ వాదనా చేశారు. అంతకన్నా గొప్ప సంగతి, రాబర్ట్స్ తీర్పు రెండూ ఒప్పుకుంది. పన్ను కట్టేదాకా దావా వేయకూడదనే పాత చట్టం దృష్టిలో అది పన్ను కాదు, కాంగ్రెసు దానికి జరిమానా అని పేరు పెట్టింది కనుక. రాజ్యాంగం దృష్టిలో అది పన్నే, పేరు ఏదైతేనేం కనుక. అటు నుంచి చూస్తే అవుట్, ఇటు నుంచి చూస్తే నాటౌట్, బంతి మాత్రం ఒక్కటే. లక్షల మందికి బీమా నిలిచింది కనుక డెమొక్రాట్లు ఆ రోజు పద్ధతి గురించి పెద్దగా పట్టించుకోలేదు. రాజ్యాంగ వ్యాఖ్యానం మీద వాళ్ల నిష్ఠ అలా ఫలితాన్ని బట్టి నిద్ర లేస్తుంటుంది.

విచారణల సంగతికి వస్తే, అక్కడ నిజాయితీగా జవాబులు చెప్పి చెడిపోయినవాడు రాబర్ట్ బోర్క్. 1987లో ఆయన అయిదు రోజులు కూర్చుని అడిగినదానికీ అడగనిదానికీ తన అభిప్రాయాలు విడమరిచి చెప్పారు. కమిటీ అధ్యక్షుడు జో బైడెన్. 58-42తో సెనేట్ బోర్క్‌ను ఇంటికి పంపింది. ఆ దెబ్బతో తర్వాతివాళ్లకు బుద్ధొచ్చింది. 1993లో రూత్ బేడర్ గిన్స్‌బర్గ్, రేపు తన ముందుకు రాగల విషయాల మీద సూచనలుగాని జోస్యాలుగాని చెప్పనని తేల్చి 96-3తో గట్టెక్కారు. 1995లో ఎలీనా కేగన్ అనే యువ ప్రొఫెసర్, ఈ విచారణలు పస లేని బూటకాలైపోయాయని ఒక లా జర్నల్లో ఉతికి ఆరేశారు. 2010లో అదే కేగన్ అదే బల్ల ముందు అభ్యర్థిగా కూర్చున్నారు. ఆ వ్యాసంలో కొంచెం అతిగా రాశానని చెప్పి, ఆ బూటకాన్ని శ్రద్ధగా నడిపించి, 63-37తో నెగ్గారు.

ఇప్పుడు దీనికి శిక్షణ కూడా ఉంది. నామినేషన్ ప్రకటించగానే అభ్యర్థిని ఒక గదిలో కూర్చోబెట్టి, లాయర్లు సెనేటర్ల వేషం వేసి గంటల తరబడి ప్రశ్నలతో చావబాదుతారు. ఆ తతంగాన్ని అక్కడ ‘మర్డర్ బోర్డు’ అంటారు. అక్కడ నేర్పేది జవాబులు కాదు, నొప్పి తెలియకుండా జవాబు దాటేయడం. ఆ విద్యలో పరాకాష్ఠ 2020 అక్టోబరులో కనిపించింది. నోట్స్ ఏమైనా తెచ్చుకున్నారా అని సెనేటర్ కార్నిన్ అడిగితే, ఏమీ రాయని నోట్‌ప్యాడ్ ఎత్తి చూపించారు అభ్యర్థి ఎమీ కోనీ బారెట్. జ్ఞాపకశక్తిని మెచ్చుకుని అంతా ముగ్ధులయ్యారు. ఎన్నికలను వాయిదా వేసే అధికారం అధ్యక్షుడికి ఉంటుందా అని ఇంకో సెనేటర్ అడిగారు. ఎన్నికల తేదీ చట్టంలో రాసి ఉంది. అయినా ఆమె, ఇరుపక్షాల వాదనలూ వినాలి, పత్రాలు చదవాలి, తోటి న్యాయమూర్తులతో చర్చించాలి అన్నారు. ఆ ఖాళీ నోట్‌ప్యాడ్‌లో నిజంగానే అంతా ఉంది.

గర్భస్రావ హక్కు మీద గోర్సచ్, కవనా తమ విచారణల్లో ఏం చెప్పారో అమెరికాలో అందరికీ గుర్తే. ‘రో’ తీర్పు ఒక పూర్వ తీర్పు, గౌరవించదగిన పూర్వ తీర్పు, పలుమార్లు ధ్రువపడిన పూర్వ తీర్పు అన్నారు. ఒక్క మాటా అబద్ధం కాదు. 2022 జూన్ 24న కోర్టు దాన్ని కొట్టేసేదాకా అది పూర్వ తీర్పే మరి.

కుర్చీల లెక్కలో సూత్రాలు ఎంత కాలం బతుకుతాయో కొలవాలంటే క్యాలెండరు చాలు. 2016 ఫిబ్రవరిలో జస్టిస్ స్కాలియా చనిపోతే, ఎన్నికల ఏడాదిలో భర్తీ కూడదు, ప్రజలే తేల్చాలి అని రిపబ్లికన్లు ఒబామా అభ్యర్థి మెరిక్ గార్లండ్‌ను 293 రోజులు గుమ్మం దగ్గరే నిలబెట్టారు. (అప్పుడు ఒబామా జాబితా చివరి దాకా శ్రీ శ్రీనివాసన్ పేరు వినబడితే మన పత్రికలు పండగ చేసుకున్నాయి. 2013లో 97-0తో అప్పీళ్ల కోర్టుకు వెళ్లిన ఆయన, ఈ గుమ్మం దగ్గర నిలబడే భాగ్యం తప్పించుకున్నారు.) ఇదే పరిస్థితి మా పార్టీకి వస్తే నా మాటలే నా మీద ప్రయోగించండి అని సెనేటర్ లిండ్సే గ్రాహం అప్పుడు సవాలు కూడా విసిరారు. 2020లో ఎన్నికలకు నెలన్నర ముందు గిన్స్‌బర్గ్ చనిపోయారు. బారెట్ పేరు ప్రకటించిన నెల రోజులకు, ఎన్నికలు ఎనిమిది రోజులున్నాయనగా, కుర్చీ నిండింది. కమిటీ అధ్యక్షుడు గ్రాహమే. జనం ఆయన మాటలు ఆయన మీద ప్రయోగించారు, ఆయనకేమీ తగల్లేదు. డెమొక్రాట్లేమీ కడిగిన ముత్యాలు కారు. కింది కోర్టుల నామినేషన్లకు అరవై ఓట్ల అడ్డంకిని 2013లో పీకేసింది వాళ్లే. 2017లో రిపబ్లికన్లు ఆ గునపమే తీసుకుని సుప్రీంకోర్టు అడ్డంకినీ పీకేశారు.

ఇంతకీ ఈ కుర్చీల మీద కూర్చున్నవాళ్లు పన్నుల మీద ఏం తేలుస్తున్నారు? 2024 జూన్ 20న తీర్పు వచ్చిన మూర్ దంపతుల కేసు ఇందులో తాజా అంకం. దానికి మన బెంగళూరుతో చుట్టరికం కూడా ఉంది.

వాషింగ్టన్ రాష్ట్రంలో ఉండే చార్లెస్ మూర్, క్యాథ్లీన్ మూర్ 2006లో ఒక స్నేహితుడి కంపెనీలో 40,000 డాలర్లు పెట్టారు. కంపెనీ పేరు కిసాన్‌క్రాఫ్ట్. బెంగళూరు కేంద్రంగా సన్నకారు రైతులకు చిన్నచిన్న వ్యవసాయ పనిముట్లు అమ్ముతుంది. మూర్‌ల వాటా 13 శాతం. కంపెనీ లాభాలు గడించి తిరిగి వ్యాపారంలోనే పెట్టుకుంది, డివిడెండు ఇవ్వలేదు. 2017లో ట్రంప్ పన్ను చట్టం వచ్చింది. కార్పొరేట్ పన్నును 35 శాతం నుంచి 21కి దించిన ఆ చట్టమే, విదేశాల్లో పోగుపడిన పాత లాభాల మీద అమెరికన్ వాటాదారులకు ఒక్కసారికి పన్ను వేసింది. మూర్‌లకు 14,729 డాలర్ల బిల్లు వచ్చింది. పైసా చేతికి రాని లాభానికి పన్నేమిటని వాళ్లు కోర్టుకెళ్లారు.

చూడముచ్చటైన దంపతులు. భారతదేశపు చిన్న రైతుకు సాయం. అన్యాయంగా బిల్లు. వెనక ఉన్నది కాంపిటీటివ్ ఎంటర్‌ప్రైజ్ ఇన్‌స్టిట్యూట్ అనే స్వేచ్ఛా మార్కెట్ సంస్థ. ఈ దావా గురి 14,729 డాలర్ల మీద కాదని వీధిలో పిల్లవాడికి కూడా తెలుసు. అమ్మి సొమ్ము చేసుకుంటే తప్ప ఆదాయం ఆదాయం కాదని రాజ్యాంగమే అంటోందని ఒక్కసారి తీర్పు తెచ్చుకుంటే, రేపు ఎవరైనా బిలియనీర్ల సంపద మీద పన్ను వేద్దామనుకున్నా పుట్టకముందే పూడ్చిపెట్టవచ్చు. కేసు నడుస్తుండగా తేలిందేమిటంటే, మూర్ గారు ఏమీ ఎరగని చిన్న వాటాదారు కాదు, కొన్నేళ్లపాటు ఆ కంపెనీ డైరెక్టరు కూడా. పిటిషన్‌లో అమాయకత్వం ఎక్కువ, పాత్రల్లో అనుభవం ఎక్కువ.

విచిత్రమేమిటంటే ట్రంప్ సంతకం చేసిన పన్నును బైడెన్ ప్రభుత్వం సమర్థించింది. ట్రంప్ చట్టాన్ని సభలో నెగ్గించిన అప్పటి స్పీకర్ పాల్ రయన్, ఈ వాదన నెగ్గితే పన్ను చట్టంలో మూడోవంతు ఊడ్చుకుపోతుందని మొత్తుకున్నారు. ఆ ఒక్క పన్ను మీదే పదేళ్లలో 340 బిలియన్ డాలర్లు వస్తాయని అంచనా. అమ్మని ఆస్తి మీద పన్ను అమెరికాకు ఎన్నడూ తెలియని ఘోరమన్నట్టు వాదన సాగింది. డాలస్‌లోనో ఎడిసన్‌లోనో ఉండే తెలుగు కుటుంబాన్ని అడిగితే చెప్పేవాళ్లు. పదిహేనేళ్లలో ఎనిమిదేళ్లు గ్రీన్‌కార్డు ఉండి, ఆస్తి ఇరవై లక్షల డాలర్లు దాటినవాళ్లు ఆ కార్డు వదిలేసి హైదరాబాద్ వచ్చేద్దామనుకుంటే, ఉన్న ఆస్తంతా ఆ ముందురోజే అమ్మేసినట్టు భావించి, ఒక పరిమితి దాటిన లాభానికి పన్ను కట్టించుకుంటారు. ఏమీ అమ్మక్కర్లేదు, అమ్మినట్టు అనుకుంటే చాలు. ఇంటికి తిరిగొచ్చే మనిషికి ‘అనుకోవడం’ చెల్లుతుంది; ఇల్లు కదలని బిలియనీరుకు అదే రాజ్యాంగ సంక్షోభం.

ఆ బిలియనీర్ల సంగతి 2021లో ప్రోపబ్లికా బయటపెట్టిన ఆదాయ పన్ను లెక్కల్లో ఉంది. 2014 నుంచి 2018 దాకా అగ్రశ్రేణి పాతిక మంది సంపద 401 బిలియన్ డాలర్లు పెరిగింది. వాళ్లు కట్టిన ఫెడరల్ ఆదాయ పన్ను 13.6 బిలియన్లు. జెఫ్ బెజోస్ 2007లో, 2011లో అసలేమీ కట్టలేదు. 2011లోనైతే పిల్లల పోషణ కింద ఇచ్చే 4,000 డాలర్ల రాయితీ కూడా తీసుకున్నారు. అంతా చట్టబద్ధమే. షేర్లు అమ్మకూడదు, వాటి మీద అప్పు తెచ్చుకుని ఖర్చు పెట్టుకోవాలి, చనిపోయాక వారసులకు ఆనాటి విలువతో ఇచ్చేయాలి. మధ్యలో పెరిగిన లాభం లెక్కల్లోంచి మాయం. ఉద్యోగికి ఈ సదుపాయం లేదు. జీతం చేతికి రాకముందే కోత పడుతుంది. సోషల్ సెక్యూరిటీ కోత 6.2 శాతం 2025లో 1,76,100 డాలర్ల జీతం దాకానే. ఆపైన ఎంతొచ్చినా సున్నా. తెలుగు ఇంజనీరు ఏడాది పొడుగునా కట్టేది పెద్ద కంపెనీ బాసు జనవరి మొదటి రోజుల్లోనే కట్టేసి చేతులు దులుపుకుంటాడు.

రాజకీయ నాయకులు దీని మీద పోట్లాడుకునే తీరు మరో ముచ్చట. 2012లో మిట్ రామ్నీ తన 2011 లెక్కలు బయటపెట్టారు. 14.1 శాతం పన్ను. దాతృత్వానికి ఇచ్చింది దాదాపు 40 లక్షల డాలర్లు, మినహాయింపు అడిగింది 22.5 లక్షలకే. ఎందుకంటే మొత్తం అడిగితే పన్ను 13 శాతం కన్నా దిగిపోయి, అంతకు తగ్గలేదని తను చెప్పిన మాట అబద్ధమవుతుంది. అంతకు రెండు నెలల ముందే, కట్టాల్సినదానికన్నా ఎక్కువ కట్టేవాడు అధ్యక్ష పదవికి తగడని ఆయనే సెలవిచ్చారు. ఫండు మేనేజర్లు తమ వాటాను తక్కువ రేటుకే చూపించుకునే సౌకర్యం మీద ట్రంప్ 2015లో నిప్పులు చెరిగారు. ఆయన చట్టం దాన్ని తీసేయలేదు, మూడేళ్లు ఆగి తీసుకోమంది. 2022లో డెమొక్రాట్లు తీసేద్దామంటే వాళ్ల సెనేటర్ సినెమాయే అడ్డుపడి దాన్ని బతికించారు. ‘ధనవంతుల మీద పన్ను వేయండి’ అని వీపు మీద రాసిన గౌనుతో అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్ మెట్ గాలాకు వెళ్లింది 2021 సెప్టెంబరులో. అక్కడ టికెట్టు 35,000 డాలర్లని చెప్పుకున్నారు. ఆమె అతిథిగా వెళ్లారు. రెండు నెలలకు ఆమె పార్టీయే ప్రతినిధుల సభలో, పెద్ద ఇళ్లవాళ్లకు ఎక్కువ లాభించే రాష్ట్ర పన్నుల మినహాయింపు పరిమితిని 10,000 నుంచి 80,000కు పెంచే బిల్లు నెగ్గించింది. పాపం, ఆ మినహాయింపు కోటీశ్వరులకు కానుక అని ఆమె ముందు నుంచీ అంటూనే ఉన్నారు. గౌను సందేశం సొంత పార్టీ బెంచీల దాకా కూడా చేరలేదు.

మళ్లీ మూర్ కేసుకు. తీర్పుకు ముందు జస్టిస్ అలిటోను తప్పుకోమన్నారు, మూర్‌ల లాయర్లలో ఒకరు ఆయన్ను పత్రిక కోసం ఇంటర్వ్యూ చేశారు కనుక. ఇంటర్వ్యూ చేసేటప్పుడు ఆయన విలేఖరి, లాయరు కాదు అని తేల్చి అలిటో కూర్చునే ఉన్నారు. న్యాయంగా చెప్పాలంటే చివరికి ఆయన ఓటు ప్రభుత్వం వైపే పడింది. జస్టిస్ థామస్ వ్యతిరేకించారు. చేతికొస్తేనే ఆదాయం అన్నది ఆయన వాదన సారం. ఆ విషయంలో ఆయనకు కొంత స్వానుభవం లేకపోలేదు. 1999లో ఆయన విలాసవంతమైన బస్సు ఇల్లొకటి కొన్నారు. ఒక స్నేహితుడు 2,67,230 డాలర్లు అప్పిచ్చారు. అందులో అసలు చాలా భాగమో మొత్తమో మాఫీ అయిందని 2023లో సెనేట్ ఆర్థిక కమిటీ డెమొక్రాట్లు నివేదిక ఇచ్చి, మాఫీ అయిన అప్పు ఆదాయమే కదా, పన్ను కట్టారా అని అడిగారు. మాఫీ ఏమీ జరగలేదు, ఒప్పందం ప్రకారం అప్పు తీరిందని ఆయన లాయరు చెప్పారు. ఒకరి చేతికి ఏదైనా వచ్చిందా లేదా అన్నది నిజంగానే క్లిష్టమైన రాజ్యాంగ సమస్య.

తీర్పు 7-2. రాసింది కవనా. కంపెనీ సంపాదించింది, ఆ సంపాదన వాటాదారుల లెక్కలో రాయవచ్చు, ఎప్పటి నుంచో రాస్తున్నారు, కనుక పన్ను చెల్లుతుంది. అంతే, ఇంకేం అడగొద్దు అన్నట్టు ఒక హెచ్చరిక తగిలించారు: సంపద మీద, నికర ఆస్తి మీద, పెరిగిన విలువ మీద పన్ను సంగతి మేం తేల్చడం లేదు. బారెట్, అలిటో విడిగా, థామస్, గోర్సచ్ వ్యతిరేకంగా రాసినవి చదివితే, సొమ్ము చేతికి రావాల్సిందేనన్న వైపు నాలుగు ఓట్లు మొగ్గినట్టు కనిపిస్తున్నాయి. అయిదోది కావాలి. దాంతో పాటు కొత్త ఆసామి కావాలి. వాషింగ్టన్ లాయర్ల ఆఫీసుల్లో ఆ ప్రకటన ఈపాటికి తయారై ఉంటుంది:

ఫిర్యాదిదారు కావలెను. బిలియనీర్లు దరఖాస్తు చేయనవసరం లేదు. వృద్ధ దంపతులైనచో ప్రాధాన్యం. ముఖం ఫొటోకు అనుకూలంగా ఉండవలెను. పేద దేశపు రైతులతోగాని అనాథలతోగాని వ్యాపార సంబంధం ఉన్నచో అదనపు అర్హత. డైరెక్టరు పదవులేమైనా ఉన్నచో ముందే చెప్పవలెను. ఖర్చులు మావే. బగ్గీలు ఎన్ని కావాలన్నా మేమే చూపించుకోగలం.